కమీనో నడకకు ఏది మేలు: స్లీపింగ్ బ్యాగా, సిల్క్ లైనరా?

కమీనో అంటే యాత్రికుల కాలినడక దారి: ఫ్రాన్స్‌లో పిరెనీస్ కొండల కింద ఉన్న సెయింట్ జీన్ నుంచి స్పెయిన్‌లోని సాంతియాగో దాకా దాదాపు 780 కిలోమీటర్లు. నెలకు పైగా నడక. మూటలో చోటంతా మింగేసేది పడక సామానే, అందుకే ముందు దాని సంగతి తేల్చుకోవాలి.

పరుపు మోయక్కర్లేదు. దారిలోని ఆల్బెర్గేల్లో, అంటే యాత్రికుల సత్రాల్లో, మంచం మీద మంచం ఉంటుంది, పరుపూ ఉంటుంది. చాలాచోట్ల పరుపు మీద వేసుకోవడానికి ఒకసారి వాడి పారేసే పల్చటి దుప్పటి, దిండు గలీబు ఇస్తారు. చిక్కంతా కప్పుకోవడం దగ్గరే. ఒక సత్రంలో కంబళ్లు దొంతరగా పేర్చి ఉంటాయి, మర్నాటి సత్రంలో ఒక్కటీ ఉండదు.

సిల్క్ లైనర్ అంటే సంచిలా కుట్టిన పట్టు దుప్పటి. బరువు సుమారు 150 గ్రాములు, మడిస్తే గుప్పెడు. ఉతికితే త్వరగా ఆరుతుంది. నూలుది చౌకే గానీ బరువు రెట్టింపు, ఒక పట్టాన ఆరదు. నేనైతే దాని జోలికి పోను. జూలై, ఆగస్టుల్లో దారిలో వచ్చే మెసెతా పీఠభూమి మీద వేడికి పట్టు చాలు.

ఏప్రిల్‌లోనో అక్టోబరులోనో వెళ్తే లెక్క మారిపోతుంది. దారిలోని ఊళ్లలో ఫోన్సెబదోన్ 1,400 మీటర్ల పైన, ఓ సెబ్రెయిరో దాదాపు 1,300 మీటర్ల ఎత్తున ఉన్నాయి. పగలంతా ఎక్కి అలసిన ఒంటికి రాత్రి చలి ఇట్టే పట్టుకుంటుంది. అప్పుడు 500 నుంచి 700 గ్రాముల తేలికపాటి స్లీపింగ్ బ్యాగ్ కావాల్సిందే. పాదాల దాకా జిప్ తెరుచుకునేది ఎంచుకోండి, వెచ్చటి రాత్రుల్లో విప్పి బొంతలా కప్పుకోవచ్చు. మంచులో పడుకునే బ్యాగులు వద్దు, మనం పడుకునేది నాలుగు గోడల మధ్య. ఈకలు నింపినవి తేలిక, కానీ తడిస్తే వెచ్చదనం పోతుంది. సాంతియాగో ఉన్న గలీసియా ప్రాంతంలో వాన మామూలే కాబట్టి నీళ్లు చొరని సంచిలో కట్టుకోవాలి.

లైనర్ ఉంటే నల్లులు కుట్టవని కొందరి ధీమా. ముఖం, చేతులు బయటే ఉంటాయి కదా! ఏది తీసుకెళ్లినా పడుకోబోయే ముందు పరుపు కుట్ల వెంట టార్చి వేసి నల్లటి మచ్చలున్నాయేమో చూడండి, మూటను మంచం మీద పెట్టకండి.

మే, జూన్, సెప్టెంబరు నెలల దగ్గరే మనసు ఊగిసలాడుతుంది. లైనరూ, రాత్రికి ఉన్ని చొక్కా చాలనేవాళ్లు ఉన్నారు. నా ఓటు మాత్రం బ్యాగ్‌కే. పెరిగిన అర కిలో బరువుకు బదులుగా మూడో జత బట్టలు ఇంట్లో వదిలేస్తాను.