ఉయెనో జూలో షూబిల్: అరగంట నిలబడగలిగితేనే వెళ్లండి

టోక్యోలో ఉంటున్న మనవాళ్లకూ, అటు వెళ్తున్నవాళ్లకూ షూబిల్ పక్షిని చూడ్డానికి ఉయెనో జూ చక్కటి చోటు. పెద్దలకు టికెట్ 600 యెన్‌లు. పన్నెండేళ్ల వరకు పిల్లలకు ఉచితం. ఇంత అరుదైన పక్షికి ఈ ధర చాలా తక్కువ.

గేటు దగ్గరే చాలామంది పొరపాటు పడతారు. ఉయెనో స్టేషన్‌లో దిగి ముందు గేటులోంచి వెళ్తే తూర్పు భాగంలో తేలతారు. షూబిల్ ఉండేది పడమటి భాగంలో. రెంటికీ మధ్య తిరిగిన మోనోరైలు 2019లోనే ఆగిపోయింది, కాబట్టి వంతెన మీదుగా నడవాలి. పిల్లలూ పెద్దవాళ్లూ వెంట ఉంటే చియోదా మెట్రో లైన్‌లో నెజు స్టేషన్‌లో దిగండి. అక్కణ్ణుంచి ఇకెనొహతా గేటు ఐదు నిమిషాల నడక, నేరుగా పడమటి భాగంలోకే.

ఇక పక్షి. నాలుగడుగుల పైన ఎత్తు, బూడిద రంగు, చెక్క చెప్పులాంటి ముక్కు. చూపుకి కొంగే గానీ, బంధుత్వం మన నేలపట్టు గూడబాతులకే (పెలికాన్‌లకే) దగ్గర. కొంగజపం మాత్రం అచ్చంగా చేస్తుంది. చాలామంది రెండు నిమిషాలు చూసి, బొమ్మలా ఉందని వెళ్లిపోతారు. అక్కడే నష్టపోతారు. ఆఫ్రికా బురదనేలల్లో దాని ముఖ్యమైన తిండి లంగ్‌ఫిష్. ఆ చేప గాలి పీల్చుకోడానికి పైకొచ్చే క్షణం కోసం కదలకుండా కాయాలి. నీడ కదిలిందా, చేప దక్కదు. ఆ ఓపికే మనకిక్కడ కనిపించేది. అరగంట ఉంటే తల ఊపుతూ వంగడం, ముక్కు టకటకలాడించడం చూసే అవకాశం ఉంటుంది. ఆ చప్పుడు వింటే వచ్చిన పని అయినట్టే!

ఫోటోకి ఫ్లాష్ వద్దు. వల అడ్డొస్తే లెన్స్‌ని దానికి వీలైనంత దగ్గరగా పెట్టి, అపెర్చర్ (లెన్స్‌లో వెలుగొచ్చే రంధ్రం) బాగా తెరిచి, పక్షి వలకి దూరంగా ఉన్నప్పుడు తీయండి. తీగలు మసకబారి మాయమవుతాయి. ఫోన్‌లో అయితే ఫోకస్ తీగ మీదికే పోతుంది, తెర మీద పక్షి కన్ను ఉన్నచోట వేలు పెట్టి ఫోకస్ లాక్ చేయండి.

బోనుల్లో ఈ పక్షి పిల్లల్ని పొదగడం మహా అరుదు. బెల్జియంలో 2008లో, ఫ్లోరిడాలో 2009లో జరిగింది. అందుకే అద్దం తట్టడం, కేకలు వేయడం లాంటివి చేయనివ్వకండి, ముఖ్యంగా పిల్లల్ని.

చలి రోజుల్లో పక్షి లోపలి గదిలో ఉండొచ్చు, అప్పుడు అంత బాగా కనిపించదు. వెచ్చటి నెలల్లో, ఉదయం 9:30కి గేటు తీయగానే వెళ్లండి. సోమవారం సెలవు. ఆ సోమవారం జపాన్‌లో ప్రభుత్వ సెలవైతే జూ తెరిచి, మర్నాడు మూస్తారు. సాయంత్రం 5 వరకు తెరిచే ఉన్నా, 4 దాటితే లోపలికి రానివ్వరు.