కౌచ్ టు 5కె: ఐదో వారం కంటే నాలుగో వారంతోనే జాగ్రత్త

ఎప్పుడూ పరుగెత్తని మనిషి చేత తొమ్మిది వారాల్లో అరగంట ఆగకుండా పరుగెత్తించడం కౌచ్ టు 5కె (అంటే సోఫా నుంచి 5 కిలోమీటర్ల పరుగు దాకా) అనే ప్రణాళిక పని. జోష్ క్లార్క్ అనే అమెరికన్ యాభై దాటిన తన తల్లిని దృష్టిలో పెట్టుకుని 1996లో దీన్ని రాశాడు. తర్వాత బ్రిటన్ ప్రభుత్వ ఆరోగ్య వ్యవస్థ ఎన్‌హెచ్‌ఎస్ దీన్ని తీసుకుని ఉచిత యాప్‌గా కూడా చేసింది. కొత్తవాళ్లలో చాలామంది మొదటి రోజే చిన్నప్పటి స్కూలు పందెంలోలా దూకి, మూడో రోజుకి పిక్కలు పట్టేసి, వారం తిరక్కుండానే మానేస్తారు. ఈ ప్రణాళిక గొప్పదనమంతా ఆ మొదటి రోజు దూకుడును ఆపడంలో ఉంది. ఒక్క నిమిషం పరుగెత్తించి, ఇక చాలు, నడవమంటుంది.

వారానికి మూడు రోజులు, రెండు పరుగుల మధ్య కనీసం ఒక రోజు విరామం. ప్రతిసారీ ముందు ఐదు నిమిషాలు వడివడిగా నడక, చివర ఐదు నిమిషాలు మామూలు నడక. మొదటి వారం ఆ రెంటి మధ్య 60 సెకన్ల పరుగు, 90 సెకన్ల నడక, ఎనిమిదిసార్లు. రెండో వారం 90 సెకన్ల పరుగు, 2 నిమిషాల నడక, ఆరుసార్లు. మూడో వారం ఒకటిన్నర నిమిషం పరుగు, అంతే నడక, 3 నిమిషాల పరుగు, అంతే నడక, ఈ మొత్తం రెండుసార్లు. నాలుగో వారం 3, 5, 3, 5 నిమిషాల చొప్పున నాలుగు పరుగులు, వాటి మధ్య ఒకటిన్నర, రెండున్నర, ఒకటిన్నర నిమిషాల నడకలు. ఐదో వారం మూడు రోజులూ మూడు రకాలు: మొదటి రోజు 5 నిమిషాల పరుగులు మూడు, రెండో రోజు 8 నిమిషాలవి రెండు, మూడో రోజు ఏకంగా 20 నిమిషాలు, మధ్యలో నడక లేదు. ఆరో వారం మొదటి రెండు రోజులు మళ్లీ నడక కలిపి, మూడో రోజు 25 నిమిషాలు. ఏడో వారం 25, ఎనిమిదో వారం 28, తొమ్మిదో వారం 30.

ఈ పట్టిక చూడగానే అందరి కళ్లూ ఐదో వారం మూడో రోజు మీదే ఆగుతాయి. రెండు రోజుల క్రితం ఎనిమిది నిమిషాలకే ఆయాసపడిన మనిషి ఇరవై నిమిషాలు ఎలా పరుగెడతాడని భయం. కానీ ఒకసారి పరుగు నిమిషాలు మాత్రమే కూడి చూడండి. మొదటి వారం రోజుకి 8, రెండో వారం 9, మూడో వారం కూడా 9. నాలుగో వారం 16. అంటే ఒక్క వారంలో కాళ్ల మీద పడే బరువు దాదాపు రెట్టింపు. దాని పక్కన పెడితే ఐదో వారంలో 16 నుంచి 20కి వెళ్లడం చిన్న మెట్టు. ఊపిరి, గుండె రెండు మూడు వారాల్లోనే కొంత అలవాటు పడతాయి. ఎముకలు, స్నాయువులు అంత త్వరగా గట్టిపడవు, వాటికి నెలలు పడుతుంది. అందుకే ఆయాసం తగ్గిందని ధైర్యం వచ్చిన సమయానికే మోకాలి కింద ముందు ఎముక వెంబడి సలుపు మొదలవుతుంది. ఐదో వారం భయం ఊపిరికి సంబంధించింది. కాళ్లకు అసలు పరీక్ష నాలుగో వారం. ఈ ప్రణాళికలో మాకు కనిపించే పెద్ద లోపం ఇదే.

దీనికి మందు తేలిక. మూడు, నాలుగు వారాల మధ్య మరో వారం ఇరికించండి: 3 నిమిషాల పరుగు, 2 నిమిషాల నడక, నాలుగుసార్లు. మొత్తం 12 నిమిషాల పరుగు అవుతుంది. తొమ్మిది వారాలు పది అయినంత మాత్రాన పోయేదేమీ లేదు. ఎన్‌హెచ్‌ఎస్ కూడా తొమ్మిది వారాల కంటే ఎక్కువ తీసుకోవచ్చనే చెబుతుంది. దీనికి తోడు విరామం రోజుల్లో, వారానికి రెండుసార్లు, మెట్టు అంచున మునివేళ్ల మీద నిలబడి మడమలు నెమ్మదిగా ఎత్తి దించడం 15 చొప్పున మూడు విడతలు చేయాలి. ఇలాంటి బలం పెంచే వ్యాయామం ప్రణాళికలో అసలు లేదు. పిక్కలకు, మడమ పైన ఉండే స్నాయువుకు ఇది తప్పనిసరి అని మా అభిప్రాయం.

నొప్పుల్లో తేడా తెలుసుకోవాలి. రెండు పిక్కలూ, తొడలూ బరువుగా ఉండి, నడుస్తుంటే సర్దుకుంటే అది మామూలు బడలిక. ఎముక మీద ఒకే చోట, వేలితో నొక్కితే చుక్కలా గుర్తుపట్టగలిగేంత నొప్పి ఉంటే పరుగు ఆపి డాక్టరుకు చూపించాలి. పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేయగానే మడమ కింద పొడిచినట్టుంటే అరికాలి స్నాయువు మాట్లాడుతోందని అర్థం. ప్రణాళికలో రెండు మూడు రోజుల పరుగులు వెనక్కి తగ్గి, ఇంట్లో కూడా మెత్తని చెప్పులు వేసుకోవాలి. డొక్కలో పోటుకు భయం అక్కర్లేదు. వేగం తగ్గించి, నోటితో ఊపిరి పూర్తిగా వదిలితే పోతుంది. సాధారణంగా తిన్న గంటలోపు పరుగెత్తితే, లేదా మొదట్లోనే వేగం పెంచితే వస్తుంది. బీపీ, షుగర్, గుండె జబ్బు ఉన్నవాళ్లు మొదలుపెట్టే ముందే డాక్టరును అడగాలి. ఛాతీలో బరువు, కళ్లు తిరగడం లాంటివి ఎవరికి కనిపించినా అక్కడితో ఆపేసి, వెంటనే డాక్టరుకు చూపించాలి.

ఇక యాప్ సంగతి. ఎప్పుడు పరుగెత్తాలో, ఎప్పుడు నడవాలో చెవిలో చెబుతుంది, సగం అయినప్పుడు గుర్తుచేస్తుంది, మీ పాటల మధ్యలోనే మాట్లాడుతుంది. 2016లో వచ్చినప్పుడు ఒలింపిక్ విజేత మైకేల్ జాన్సన్ గొంతు కూడా ఎంచుకునే వీలుండేది. మాటలన్నీ ఇంగ్లీషే. అయినా యాప్ లేకపోతే ఈ ప్రణాళిక చేయలేమని అనుకోవద్దు. రెండో పేరాలో ఉన్న అంకెలు చీటీ మీద రాసుకుని, చేతి గడియారమో, ఫోన్‌లో టైమరో పెట్టుకుంటే చాలు. నలుగురు కలిసి పరుగెత్తేటప్పుడు అదే మేలు కూడా. నలుగురి చెవుల్లో నాలుగు యాప్‌లు నాలుగు సెకన్ల తేడాతో మాట్లాడితే ఒకరు ఆగుతుంటే ఇంకొకరు మొదలుపెడతారు. ఒకరి చేతిలో గడియారం ఉంచి, వాళ్లు పైకి చెప్పడం మంచిది. ఇయర్‌ఫోన్లు తీసేస్తే వెనక నుంచి వచ్చే బండి, వీధికుక్క కూడా తెలుస్తాయి.

చెవిలో వినిపించే గొంతు ఎంత తీయగా ఉన్నా, వర్షం పడే పొద్దున మంచం మీద నుంచి లేపలేదు. గేటు దగ్గర ఎదురుచూస్తున్న మనిషి లేపగలరు. మూడో వారం దాటి నిలిచేవాళ్లలో తోడున్నవాళ్లే ఎక్కువగా కనిపిస్తారు. ముగ్గురి నుంచి ఐదుగురు సరైన సంఖ్య. ఇద్దరే అయితే ఒకరికి జ్వరం వస్తే రెండోవారూ ఆగిపోతారు. ఎనిమిది మంది అయితే రాకపోయినా ఎవరికీ తెలియదు. మంగళ, గురు, ఆదివారాలని రోజులు ముందే ఖాయం చేసుకోవాలి. రాత్రి పడుకునే ముందు గ్రూపులో రాలేనివాళ్లు మాత్రమే చెప్పాలి. వస్తామని అందరూ మెసేజ్‌లు పెట్టుకుంటూ కూర్చుంటే రెండో వారానికే విసుగొస్తుంది. వేగం చూపించే స్క్రీన్‌షాట్లు తొమ్మిది వారాలూ నిషేధం. వాటివల్ల నెమ్మదిగా పరుగెత్తేవాళ్లు సిగ్గుపడి మానేస్తారు, వేగంగా పరుగెత్తేవాళ్లు ఇంకా తొందరపడి దెబ్బ తగిలించుకుంటారు.

ఒక్కొక్కరి వేగం ఒక్కోలా ఉంటే కలిసి పరుగెత్తడం ఎలా అన్నది అందరికీ వచ్చే ఇబ్బంది. భర్త ముందు, భార్య వంద అడుగులు వెనక, మాటల్లేకుండా సాగే జంటలు ప్రతి పార్కులోనూ కనిపిస్తాయి. దీనికి చక్కని ఉపాయం వెళ్లిరావడం. అందరూ ఒకేసారి బయలుదేరి, ఎవరి వేగంతో వాళ్లు వెళ్లాలి. సరిగ్గా సగం సమయానికి గడియారం ఉన్నవాళ్లు కేక వేస్తే, లేదా ఎవరి ఫోన్ వాళ్లకు చెబితే, ఉన్నచోటే వెనక్కి తిరగాలి. ఇప్పుడు నెమ్మదిగా పరుగెత్తినవాళ్లు ముందుంటారు, వేగంగా వెళ్లినవాళ్లు వెనకపడి ఉంటారు. ఎవరి వేగం వాళ్లు నిలుపుకుంటే అందరూ దాదాపు ఒకే క్షణానికి బయలుదేరిన చోటుకు చేరతారు. విశాఖ ఆర్కే బీచ్ రోడ్డు లాంటి పొడవాటి దారి దీనికి బాగా నప్పుతుంది. స్టేడియంలో 400 మీటర్ల ట్రాక్ ఉంటే ఈ గొడవే లేదు, ఎవరి చుట్లు వాళ్లవే. 5 కిలోమీటర్లంటే పన్నెండున్నర చుట్లు. అయితే ఒకే వైపు తిరిగితే ఒక కాలి మీదే ఒత్తిడి పడుతుంది కాబట్టి, రద్దీ లేని వేళ అప్పుడప్పుడూ దిశ మార్చాలి.

ప్రోత్సాహమంటే ఏమిటో కూడా ముందే మాట్లాడుకోవాలి. కుంటుతున్న మనిషిని "ఇంకొక్క నిమిషమే, ఆపకు" అని తోయడం ప్రోత్సాహం కాదు. పక్కవాళ్లు అనాల్సిన మాట చాలాసార్లు "వదినా, కాస్త నెమ్మదిద్దాం" అనే. వేగం సరిగ్గా ఉందో లేదో తెలుసుకోవడానికి పరికరాలేమీ అక్కర్లేదు. పరుగెత్తుతూనే "ఇవాళ ఏం కూర?" అని అడగండి. "నిన్నటి పప్పే ఉంది, వేపుడు ఒక్కటి చేస్తే సరిపోతుంది" అని పూర్తి వాక్యంలో జవాబొస్తే వేగం సరైనదే. "పప్పు" అని ఒక్క ముక్కే వస్తే తగ్గించాలి. ఐదో వారం ఇరవై నిమిషాలు దాటేవాళ్లలో చాలామంది ఈ వేగంతోనే దాటుతారు. పక్కన నడిచేవాళ్లు దాటిపోయినా ఫర్వాలేదు.

ఎవరైనా మధ్యలో ఆగిపోతే లెక్క ఇలా ఉండాలి. ఒక్క రోజు తప్పితే వదిలేసి ముందుకు వెళ్లాలి. వారం తప్పితే చివరగా చేసిన వారాన్ని మళ్లీ చేయాలి. రెండు వారాలైతే రెండు వారాలు వెనక్కి. మిగిలినవాళ్లు ముందుకెళ్లిపోతారని తొందరపడి మధ్యలో దూకకూడదు. వెళ్లిరావడం పద్ధతిలో ఒకరు నడుస్తూ, మిగతావాళ్లు పరుగెత్తుతూ కూడా ఒకే చోటికి చేరవచ్చు.

మన వాతావరణాన్ని ఈ ప్రణాళిక ఎరగదు. లండన్‌లో ఏప్రిల్‌లో మొదలుపెట్టడం వేరు, విజయవాడలో ఏప్రిల్‌లో మొదలుపెట్టడం వేరు. కోస్తాలో గాలిలో తేమ వల్ల చెమట ఆరదు, చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. అదే వేగానికి గుండె ఇంకా వేగంగా కొట్టుకుంటుంది. కోస్తాలో డిసెంబరు, హైదరాబాద్‌లో నవంబరు మొదలుపెట్టడానికి మంచి నెలలు. ఎండాకాలంలోనే మొదలుపెట్టక తప్పకపోతే తెల్లవారుజామునే ముగించి, మొదటి రెండు వారాలు ఒళ్లు వేడికి అలవాటు పడే వరకు పరుగును ఇంకా నెమ్మదిగా ఉంచాలి. అరగంట పరుగుకు నీళ్ల సీసా మోయనక్కర్లేదు. బయలుదేరే ముందు గ్లాసు నీళ్లు, వచ్చాక ఉప్పు వేసిన పల్చని మజ్జిగ చాలు. ఖాళీ కడుపుతో నీరసం వచ్చేవాళ్లు అరగంట ముందు ఒక అరటిపండు తినవచ్చు.

కొనాల్సిన వస్తువు ఒక్కటే, బూట్లు. సాయంత్రం పూట కొనాలి, అప్పటికి పాదాలు కొంచెం ఉబ్బి ఉంటాయి. పరుగుకు వేసుకునే సాక్సుతోనే తొడిగి, పొడవాటి వేలి ముందు బొటనవేలంత ఖాళీ ఉందో చూడాలి. లేకపోతే గోళ్లు నల్లబడతాయి. ఏళ్ల తరబడి చెప్పులు వేసుకున్న పాదం ముందు భాగం తరచూ వెడల్పుగా ఉంటుంది కాబట్టి చిటికెనవేలు నొక్కుకుపోతే వెడల్పు రకం అడగాలి, పొడవు పెంచి సరిపెట్టుకోవద్దు. అటకమీద ఏళ్లుగా ఉన్న పాత స్పోర్ట్స్ షూస్ సోలు గట్టిపడి ఉంటుంది, అవి వద్దు. నూలు సాక్సు తడిసి బొబ్బలు తెస్తాయి. తొడలు ఒరుసుకునేచోట కాస్త వాజలిన్ రాస్తే మంట ఉండదు. ఆడవాళ్లకు బూట్లతో పాటు మంచి స్పోర్ట్స్ బ్రా కూడా అంతే అవసరం.

పేరులో ఉన్న 5కె మాత్రం కొంచెం తప్పుదారి పట్టిస్తుంది. తొమ్మిదో వారం 30 నిమిషాల్లో 5 కిలోమీటర్లు పూర్తి కావాలంటే కిలోమీటరు 6 నిమిషాల్లో పరుగెత్తాలి. కొత్తవాళ్లలో చాలామందిది 8 నిమిషాల వేగం, అంటే 30 నిమిషాలకు 3.75 కిలోమీటర్లు. దీన్ని ఓటమిగా తీసుకుని చివర్లో నిరాశపడేవాళ్లను చూస్తే బాధేస్తుంది, ఎందుకంటే అసలు కష్టం అప్పటికే అయిపోయింది. తర్వాతి వారాల్లో రెండు పరుగులు 30 నిమిషాల దగ్గరే ఉంచి, ఆదివారం పరుగును మాత్రం వారానికి మూడు నిమిషాల చొప్పున పెంచండి: 33, 36, 39, 42. ఎనిమిది నిమిషాల వేగంతో 5 కిలోమీటర్లకు 40 నిమిషాలు కాబట్టి నాలుగో ఆదివారానికి దూరం చేతికొస్తుంది.

బ్రిటన్‌లోనో, ఆస్ట్రేలియాలోనో ఉన్న తెలుగువాళ్లకైతే ఆ రోజు కోసం శనివారం పొద్దుటి పార్క్‌రన్ సిద్ధంగా ఉంది. 2004లో లండన్ బుషీ పార్కులో 13 మందితో మొదలైన ఈ 5 కిలోమీటర్ల పరుగు ఉచితం. ఒకసారి పేరు నమోదు చేసుకుని బార్‌కోడ్ తీసుకెళ్తే చాలు. నడిచినా ఎవరూ ఏమీ అనరు, అందరికంటే వెనక నడవడానికే ఒక వలంటీర్ ఉంటారు. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్‌లో 5కె ఫన్ రన్‌ను గురిగా పెట్టుకోవచ్చు. ఇరికించిన వారంతో కలిపి పది, ఆదివారాలు పెంచే నాలుగు, మొత్తం పద్నాలుగు వారాలు కావాలి కాబట్టి మే నెల మొదటి పక్షంలోనే, ఎండ పైకి రాకముందే ముగిసేలా, మొదటి 60 సెకన్లు మొదలుపెట్టాలి.