బొటనవేలితో తిప్పే ట్రాక్‌బాల్: మూడు నెలల వాడకం తర్వాత

మణికట్టు నొప్పి భరించలేక మౌస్‌ను పక్కన పెట్టి, బొటనవేలితో బంతిని తిప్పే వైర్‌లెస్ ట్రాక్‌బాల్‌కు మారి మూడు నెలలైంది. నాది రోజంతా తెర మీద అక్షరదోషాలు దిద్దే పని. కూర్చున్నది మొదలు లేచేదాకా పాయింటర్‌ను పదానికీ పదానికీ మధ్య, ఒక్కోసారి చివరి అక్షరానికీ కామాకూ మధ్య, సరిగ్గా నిలపవలసి ఉంటుంది. ఈ పరికరాన్ని నేను బేరీజు వేసింది ఆ అవసరంతోనే.

ఇది బల్ల మీద కదలదు. అరచేయి దాని వీపు మీద వాలి ఉంటుంది, ఎడమవైపు గుంటలో కూర్చున్న బంతిని బొటనవేలు దొర్లిస్తుంది, క్లిక్ చేసే పని చూపుడువేలు చూసుకుంటుంది. మౌస్‌కు మెరుగులు దిద్దగా వచ్చినదే ట్రాక్‌బాల్ అని చాలాకాలం అనుకున్నాను కానీ చరిత్ర చూస్తే వరుస తలకిందులుగా ఉంది. బ్రిటిష్ నౌకాదళం కోసం రాడార్ ప్రదర్శన వ్యవస్థ మీద పనిచేస్తున్న రాల్ఫ్ బెంజమిన్ 1946లోనే ఇటువంటి బంతిని రూపొందించారు. సైనిక రహస్యంగా ఉంచడం వల్ల అది బయటి ప్రపంచానికి తెలియలేదు. 1952 నాటికి కెనడా నౌకాదళపు డాటర్ అనే కంప్యూటర్ ప్రాజెక్టులో ఏకంగా బౌలింగ్ ఆటలో వాడే బంతినే తెచ్చి అమర్చారు. అమెరికన్ ఇంజనీర్ డగ్లస్ ఎంగెల్‌బార్ట్ ఆలోచనకు ఆయన సహచరుడు బిల్ ఇంగ్లిష్ చెక్కపెట్టెలో రెండు చక్రాలు బిగించి రూపమిచ్చిన తొలి మౌస్ 1964 నాటిది. ఆ తర్వాత చక్రాల స్థానంలో బంతి వచ్చినప్పుడు, మౌస్ అంటే తిరగేసిన ట్రాక్‌బాల్ అనే మాట అక్షరాలా నిజమైంది.

పెట్టె మీద వేగం పెరుగుతుందని రాశారు. ఆ మాటను నేను నమ్మలేదు, నమ్మకపోవడానికి కారణం ఉంది. 1954లో పాల్ ఫిట్స్ అనే మనస్తత్వవేత్త, చేతిలోని పుల్లతో రెండు లోహపు పలకలను మార్చి మార్చి తాకమని మనుషులను అడిగి, పలకల మధ్య దూరాన్నీ పలకల వెడల్పునూ మారుస్తూ వారికి పట్టిన సమయాన్ని కొలిచారు. దూరం రెట్టింపైతే ఎంత సమయం పెరుగుతుందో, పలక వెడల్పు సగమైనా దాదాపు అంతే పెరుగుతుందని అందులో తేలింది. 1978లో జిరాక్స్ సంస్థలో స్టూవర్ట్ కార్డ్, పైన చెప్పిన బిల్ ఇంగ్లిష్, బెట్టీ బర్ కలిసి మౌస్‌ను ఇదే సూత్రంతో పరీక్షించగా, మౌస్‌తో పట్టే సమయం ఉత్త చేత్తో గురిపెట్టే సమయానికి చాలా దగ్గరగా వచ్చింది. వేగానికి హద్దు అక్కడ పరికరం కాదు, మనిషి చెయ్యే. కాబట్టి ట్రాక్‌బాల్ నుంచి ఆశించవలసింది వేగాన్ని కాదు, మోచేయి నుంచి వేళ్ల దాకా తగ్గే శ్రమను. ఆ విషయంలో ఈ పరికరం నన్ను నిరాశపరచలేదు. మొదటి వారం పాయింటర్ గురి దాటి పోతూనే ఉండేది. రెండో వారం చివరికి కామా పక్కన ఆగడం మొదలుపెట్టింది. నెల తిరిగేసరికి సాయంత్రాలు మణికట్టు చుట్టూ ఉండే లాగుడు నాకు బాగా తగ్గింది.

లాగి వదిలే పనిలో మాత్రం ఇది వెనకబడింది. బటన్ నొక్కి పట్టుకుని బంతిని దొర్లిస్తూ ఒక పేరా మొత్తాన్ని ఎంచుకోబోతే, సగంలో చూపుడువేలు సడలి ఎంపిక తెగిపోతుంది. 1991లో స్కాట్ మెకెంజీ, అబిగైల్ సెల్లెన్, విలియం బక్స్‌టన్ చేసిన పరీక్షలో మౌస్, టాబ్లెట్ కలం, ట్రాక్‌బాల్ మూడింటిలో ట్రాక్‌బాల్ చివరన నిలిచింది. లాగే పనిలో తప్పులు మరీ ఎక్కువయ్యాయి. బంతిని తిప్పే వేళ్లూ బటన్‌ను నొక్కి ఉంచే వేలూ ఒకే చేతివి కావడం వల్ల ఒకదాని కదలిక మరొకదాన్ని కదుపుతుంది. ఈ నమూనాలో రెండు పనులనూ రెండు వేళ్లకు పంచారు కాబట్టి ఇబ్బంది కొంత తగ్గిందే తప్ప పోలేదు. ఇప్పుడు నేను పేరా మొదట్లో ఒక క్లిక్ చేసి, చివర షిఫ్ట్ నొక్కి పట్టుకుని మరో క్లిక్ చేస్తున్నాను, లాగే అవసరమే ఉండటం లేదు.

అసలు ఫిర్యాదు వేరే ఉంది. బంతి పక్కన చిన్న మీట ఒకటి అమర్చారు. దాన్ని నొక్కితే సూక్ష్మమైన పనుల కోసం పాయింటర్ నెమ్మదిస్తుంది, మళ్లీ నొక్కితే మామూలు వేగానికి వస్తుంది. ఏ స్థితిలో ఉందో చెప్పే దీపం పరికరం మీద లేదు, తెర మీద ఏ గుర్తూ కనబడదు. ఒకరోజు ఉదయం పాయింటర్ బరువెక్కినట్టు కదులుతుంటే, బ్యాటరీ అయిపోయిందనుకుని మార్చాను, మారలేదు. బంతి తీసి తుడిచాను, మారలేదు. కంప్యూటర్‌ను ఆపి మళ్లీ మొదలుపెట్టిన తర్వాత గానీ, పొరపాటున ఆ మీట నొక్కుకుపోయి ఉంటుందని తట్టలేదు. ఇరవై నిమిషాలు పోయాయి.

ఇది కొత్త తప్పు కాదు. ఒకే చర్యకు, యంత్రం ఉన్న స్థితిని బట్టి, వేర్వేరు ఫలితాలు రావడాన్ని మోడ్ అంటారు. స్థితి కంటికి కనబడనప్పుడు మనిషి తప్పక పొరబడతాడు. జిరాక్స్ పరిశోధనాలయంలో పనిచేసిన లారీ టెస్లర్ మోడ్‌ల మీద ఎంత పట్టుదలగా పోరాడారంటే, తన కారు నంబరు పలక మీద కూడా ‘నో మోడ్స్’ అని రాయించుకున్నారు. మందు కూడా పాతదే. క్యాప్స్ లాక్ వేసి మరిచిపోతాం కానీ షిఫ్ట్‌ను మరిచిపోలేం, ఎందుకంటే దాన్ని పట్టుకుని ఉన్నంతసేపూ వేలికి తెలుస్తూనే ఉంటుంది. కంప్యూటర్ రూపకల్పన నిపుణుడు జెఫ్ రాస్కిన్ ఈ రెండో తరహాకు క్వాసీమోడ్ అని పేరు పెట్టారు. ఈ మీటను కూడా నొక్కి ఉంచినంతసేపే నెమ్మదించేలా, వదలగానే మామూలయ్యేలా చేసి ఉంటే నా ఇరవై నిమిషాలు దక్కేవి. బంతినీ బటన్లనూ ఇంత శ్రద్ధగా చేసినవారు ఈ ఒక్క చోట ఎలా ఏమరారో నాకు అర్థం కాలేదు. తయారీదారుల సాఫ్ట్‌వేర్‌లో మీటకు వేరే పని అప్పగించే వీలుంది. నేను దాన్ని ‘వెనక్కి’ బటన్‌గా మార్చుకున్నాను.

మిగతావి క్లుప్తంగా చెబుతాను. స్క్రోల్ చక్రం బాగుంది, క్లిక్ చప్పుడు పక్కవారికి వినబడనంత మెత్తగా ఉంది. బంతి ఆనుకుని ఉండే మూడు చిన్న గుండ్ల చుట్టూ వారానికొకసారి సన్నటి మురికి పేరుకుంటుంది, అప్పుడు బంతి గీరుకుంటున్నట్టు కదులుతుంది. అడుగున ఉన్న రంధ్రంలోంచి పెన్సిల్‌తో బంతిని పైకి నెట్టి, గుండ్లను పొడిబట్టతో తుడిస్తే సరిపోతుంది.

చదవడం, దిద్దడం, లెక్కల పట్టికలు నింపడం ప్రధానంగా ఉన్నవారికి దీన్ని సంకోచం లేకుండా సూచిస్తాను. రోజంతా బొమ్మలనూ ఫైళ్లనూ లాగుతూ ఉండేవారు కొనేముందు ఒకటి రెండు రోజులు వాడి చూడడం మంచిది. బొటనవేలికే నొప్పి ఉన్నవారికీ, ఎడమచేతివాటం వారికీ ఇది పనికిరాదు. వారు బంతి నడిమధ్యన ఉండి, రెండు వైపులా ఒకే ఆకారంలో ఉన్న నమూనాలను చూసుకోవాలి.