అంబాసిడర్ మార్క్ 2 హ్యాండ్ గేరు: తొమ్మిదేళ్ల వాడకం తర్వాత

మా నాన్నగారు 1967లో కొన్న అంబాసిడర్ మార్క్ 2ను రెండేళ్లు కష్టపడి బాగు చేయించి 2016లో మళ్లీ రోడ్డెక్కించాను. అప్పటి నుంచి అది 22,000 కిలోమీటర్లకు పైగా తిరిగింది. ఆ కారు ఇంజను ఎంత, మైలేజీ ఎంత, లోపల ఎంతమంది పడతారు అన్నవి మన వాళ్లకు కొత్తగా చెప్పనక్కరలేదు. నేను చెప్పదలచుకున్నది స్టీరింగుకు ఎడమ పక్కన ఉండే గేరు లీవరు గురించి మాత్రమే. హ్యాండ్ గేరు అని డ్రైవర్లు పిలిచే ఆ ఏర్పాటును పీకేసి ఫ్లోర్ గేరు పెట్టించుకోమని నాకు చెప్పని మెకానిక్కు లేడు. వారి మాట వినకపోవడమే ఈ కారు విషయంలో నేను చేసిన అన్నిటికన్నా మంచి పని అని ఈ రోజుకూ అనుకుంటున్నాను. మధ్యలో ఒక్క రోజు మాత్రం ఆ నమ్మకం పూర్తిగా సడలింది.

హ్యాండ్ గేరు మీద ఇంత మమకారం ఎందుకంటే, ముందు సీటు ఒకే బల్లలా ఈ తలుపు నుంచి ఆ తలుపు దాకా ఉండటం దాని వల్లే పనికొస్తోంది. గేరు కర్ర నేల మీద లేదు కనుక మధ్యలో కూర్చున్న మనిషి మోకాళ్లకు ఏదీ అడ్డు రాదు. మోకాళ్ల నొప్పులున్న మా అమ్మ ఎడమ తలుపు లోంచి ఎక్కి మెల్లగా జరిగి నా పక్కకు వచ్చి కూర్చుంటుంది, చివర మా పాప కూర్చుంటుంది. ఇంట్లో ఉన్న కొత్త కారులో ఆ ముగ్గురం ఒకే వరుసలో కూర్చునే వీలే లేదు. తోలేటప్పుడు కూడా చెయ్యి స్టీరింగుకు జానెడు దూరం దాటి పోదు. బండి కదులుతుండగా గేరు సాఫీగా పడేలా చేసే సింక్రో అనే అమరిక మొదటి గేరుకు లేదు కాబట్టి బండి పూర్తిగా ఆగాకే అది వేయాలి. అది అలవాటైతే మిగతా మూడు గేర్లూ రెండు వేళ్లతో పడతాయి, అయితే లింకేజీ, అంటే లీవరును గేరుబాక్సుతో కలిపే అమరిక, బాగున్నప్పుడే.

లింకేజీని బాగా ఉంచడమే కష్టం. నేను పని మొదలుపెట్టిన 2014లో, మే నెలలోనే, కోల్‌కతా దగ్గరి ఉత్తర్‌పారాలో అంబాసిడర్ల తయారీ ఆగిపోయింది. ఇక ఇంజను సామాను దొరకదేమోనని భయపడ్డాను గాని, వాస్తవం తలకిందులుగా ఉంది. ఈ 1489 సీసీ ఇంజను బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ (బీఎంసీ) బీ సిరీస్ కుటుంబానికి చెందినది. ఇంగ్లండులో ఎంజీ కంపెనీ తొలి ఎంజీఏ కార్లకు అదే కొలత ఇంజను, ఎంజీబీ కార్లకు దాని పెద్దన్న వంటి 1798 సీసీ ఇంజను ఉండేవి. ఆ కార్లను ప్రాణంగా చూసుకునేవారు అక్కడ చాలామంది ఉన్నారు కనుక వాల్వులు, గ్యాస్కెట్లు, ఎస్‌యూ కార్బురేటరు జెట్లు, సూదులు ఈనాటికీ కొత్తవి తయారై వస్తున్నాయి. అయితే ఆ ఎంజీ కార్లన్నిటికీ గేరు నేల మీదే ఉంటుంది. మన హ్యాండ్ గేరు లింకేజీ అంబాసిడర్‌కు మూలమైన ఇంగ్లండు కారు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి వచ్చినది, ఆ కార్లు నడిపేవారు ఎంజీ వారితో పోలిస్తే బహు తక్కువ. అందుచేత సముద్రం అవతలి నుంచి ఇంజను వాల్వు మూడు వారాల్లో ఇంటికి చేరింది గాని, బొటనవేలంత గేరు బుష్షు కోసం నేను ఊరూరా తిరగవలసి వచ్చింది.

ఆ బుష్షు పని ఏమిటో చెప్తాను. పైన మనం కదిపే లీవరు స్టీరింగు కాలమ్ వెంట దిగి, అడుగున రెండు చిన్న లీవర్లను ఆడిస్తుంది. ఒకటి ఏ వరుస గేర్లు కావాలో ఎంచుతుంది, రెండోది ఆ వరుసలో గేరు వేస్తుంది. అక్కడి నుంచి గేరుబాక్సు దాకా ఉన్న ప్రతి కీలు దగ్గరా ఒక పిన్ను, దాని చుట్టూ గొట్టంలా తొడిగే ఒక బుష్షు ఉంటాయి. ఒక్కో బుష్షులో అర మిల్లీమీటరు అరుగుదల వచ్చినా పట్టించుకోం. కాని ఆ అరుగుదలలన్నీ కలిసి పైన లీవరు గుబ్బ దగ్గర రెండంగుళాల ప్లే, అంటే వదులు, అవుతుంది. అప్పుడు మనం ఒక వరుస అనుకుని కదిపితే కింద వేలు ఇంకో వరుసలోకి జారుతుంది. ఉన్న గేరు ఇంకా న్యూట్రల్‌కు రాకుండానే మరో గేరును పట్టుకోబోతుంది. రెండు గేర్లు ఒకేసారి పడకుండా గేరుబాక్సులో ఒక తాళం లాంటి అమరిక ఉంది. అది తన పని తాను చేసి మొత్తాన్నీ బిగించేస్తుంది. ఇక లీవరు ఏ గేరులోకీ పోదు.

బాగు చేయించినప్పుడు ఒక పట్టణంలోని విడిభాగాల దుకాణంలో 'అన్ని మోడళ్లకూ సరిపోతాయి' అని చెప్పి నైలాన్ బుష్షుల పొట్లం ఇచ్చారు. వేయించాక గేర్లు వెన్నలా పడ్డాయి. ఆ సంతోషంలో, నైలాన్ బుష్షులే మేలనీ, చప్పుడు ఉండదనీ, నూనె అక్కరలేదనీ పాత కార్లున్న మిత్రులందరికీ చెప్పాను. ఇద్దరు నా మాట మీద అవే వేయించుకున్నారు కూడా. ఆ సిఫారసును ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను. మొదటి ఏడాది అవి నిజంగానే బాగున్నాయి, ఆ తర్వాత కాదు.

2018 సంక్రాంతి ముందు అమ్మను, పాపను తీసుకుని విజయవాడ నుంచి మచిలీపట్నం బయలుదేరాను. కంకిపాడు దాటేసరికి లీవరు కొంచెం వదులుగా అనిపించింది గాని, ఊరు చేరాక చూద్దామనుకున్నాను. ఉయ్యూరులో చెరకు ట్రాక్టర్లు ఫ్యాక్టరీ వైపు బారులు తీరి ఉన్నాయి. వాటి వెనక మెల్లగా పోతూ మూడు నుంచి రెండుకు దించబోతే లీవరు సగంలో నిలిచిపోయింది. పైకి పోదు, కిందికి రాదు, గుబ్బ మాత్రం చేతిలో గిలకలా ఊగుతోంది. క్లచ్ తొక్కి పట్టుకుని బండిని ఆపాను. వెనక బస్సు హారను కొడుతోంది, పక్కన చెరకు గడలు అద్దానికి రాసుకుంటున్నాయి. బలంగా రెండుసార్లు లాగాను. అలా లాగడం తప్పని అప్పటికి నాకు తెలియదు.

ముందున్న ట్రాక్టరు మీది నుంచి అరవై ఏళ్లు దాటిన ఒక పెద్దాయన దిగి వచ్చి, కిటికీలోంచి నా చెయ్యి చూసి, "బాబూ, బలవంతం చెయ్యకండి. గేరుబాక్సుకు ఏమీ కాలేదు. బుష్షులు పోయి లీవరు దారి తప్పింది, అంతే. బానెట్ ఎత్తండి" అన్నారు. స్టీరింగు కాలమ్ అడుగున చెయ్యి పెట్టి, స్క్రూడ్రైవరుతో చిన్న లీవరును ఒక్క దెబ్బ వెనక్కి తోశారు. టక్కున చప్పుడై గేరు న్యూట్రల్‌కు వచ్చింది. నలుగురు కలిసి బండిని పక్కకు నెట్టాక, పాత సైకిలు ట్యూబు ముక్కను సన్నగా కోసి, విరిగిన నైలాన్ బుష్షు స్థానంలో పిన్ను చుట్టూ బిగించారు. తాను పదేళ్లపాటు అంబాసిడర్ టాక్సీ తోలానని, ఆ రోజుల్లో రెండు బుష్షులు ఎప్పుడూ చొక్కా జేబులో ఉండేవని చెప్పారు. "ఇప్పుడు ఎక్కడ దొరుకుతాయండీ?" అని అడిగితే, "దొరకవు బాబూ, చేయించుకోవాలి" అన్నారు. డబ్బు తీసుకోలేదు. అమ్మ పండక్కి చేసిన అరిసెలు ఇస్తే మాత్రం తీసుకున్నారు. ఆ ట్యూబు ముక్కతోనే మచిలీపట్నం వెళ్లి, మూడో రోజు క్షేమంగా ఇల్లు చేరాం.

'దొరకవు' అన్న మాటను నేను వెంటనే ఒప్పుకోలేదు. విజయవాడ ఆటోనగర్‌లో నాకు తెలిసిన దుకాణాలన్నీ తిరిగాను. సికింద్రాబాదు రాణిగంజ్‌లో రెండు రోజులు, చెన్నై పుదుపేటలో ఒక రోజు గడిపాను. ఎక్కడ అడిగినా తర్వాతి మోడళ్ల సామాను చూపించారు గాని మార్క్ 2 లింకేజీ చూపించలేదు. చివరకు పసుపు టాక్సీల నగరం కదా అని కోల్‌కతా వెళ్లి మల్లిక్ బజార్‌లో మూడు రోజులు వెదికాను. పాత సామాను కొనదలచిన వారికి ఒక మాట చెప్పాలి: పేరుతో అడిగితే ప్రతి దుకాణంలోనూ ఉందనే అంటారు, అరిగిన ముక్కను చేతిలో పెట్టి చూపిస్తేనే సరైన జవాబు వస్తుంది. నేను మూడో రోజు దాకా ఆ ముక్కను సంచిలోంచి తీయలేదు. తీసి చూపిన గంటలోపే ఒక దుకాణం అటక మీది నుంచి మార్క్ 2 అడుగు లీవరు ఒకటి, బెంగాలీ దినపత్రికలో చుట్టి ఉన్నది, కిందికి దిగింది. బుష్షులు మాత్రం అక్కడా లేవు.

వాటిని ఇంటికి రెండు కిలోమీటర్ల దూరంలో, ఆటోనగర్‌లోనే, లారీ సామాను చేసే ఒక లేత్ షెడ్డులో చేయించుకున్నాను. నాలుగు రాష్ట్రాలు తిరిగిన వస్తువు ఇంటి పక్కన తయారవుతుందని నేను ఊహించలేదు. ఆ టర్నరు బుష్షు కొలత అడగలేదు, ముందు పిన్నులు చూపించమన్నాడు. చూస్తే అవి కోడిగుడ్డు ఆకారంలో అరిగి ఉన్నాయి. గుండ్రం పోయిన పిన్నుకు ఎంత కొత్త బుష్షు వేసినా ఆరు నెలల్లో మళ్లీ ప్లే వస్తుందని, ముందు పిన్నులు చేసి, వాటి కొలతను బట్టి బుష్షులు కోస్తానని అన్నాడు. ఈ సంగతి అంతకు ముందు చూసిన నలుగురు మెకానిక్కుల్లో ఒక్కరూ చెప్పలేదు. నాలుగు ఉక్కు పిన్నులు, ఆరు కంచు జాతి గన్‌మెటల్ బుష్షులు, ప్రతి బుష్షుకూ గ్రీజు పోవడానికి ఒక సన్నని గాడి, అన్నిటికీ కలిపి 1,800 రూపాయలయ్యింది. అమర్చిన రోజు లీవరు గుబ్బ దగ్గర ప్లే అర అంగుళం కూడా లేదు. నాన్నగారు నడిపిన రోజుల్లో ఆ గేరు ఎలా ఉండేదో నాకు మొదటిసారి చేతికి తెలిసింది. కారు కడిగి, రంగు వేసి, సీట్లు కుట్టించిన రోజు కన్నా ఆ సాయంత్రం నాకు ఎక్కువ ఆనందం కలిగింది.

అయితే గన్‌మెటల్‌ను కూడా మరీ పొగడకూడదని ఈ ఏడేళ్లలో తెలిసింది. వెయ్యి కిలోమీటర్లకు ఒకసారి గ్రీజు పెట్టకపోతే లీవరు కిర్రుమంటుంది. ఒక వానాకాలం నేను అశ్రద్ధ చేస్తే ఇసుక చేరి రెండు బుష్షులు అరిగాయి, వాటిని 2022లో మార్పించాను. కోల్‌కతా నుంచి తెచ్చిన అడుగు లీవరుకు పాత రంగు కింద సన్నని బీట ఉందని రెండేళ్ల తర్వాత బయటపడింది, వెల్డింగు చేయించి దాన్నే వాడుతున్నాను. అంత దూరం పోయి తెచ్చుకున్నదానికి రంగు గీకి చూడాలన్న ఆలోచన నాకు రాకపోవడం పొరపాటే.

మిగతా కారు గురించి క్లుప్తంగా చెప్తాను. టింకరింగు, రంగు నిలిచాయి. ముందు అద్దం బీడింగు కొత్తది వేయించినా గాలివానలో ఇప్పటికీ ఒక మూల చెమ్మ దిగుతుంది. ఇప్పుడు బంకుల్లో వచ్చే 20 శాతం ఇథనాల్ పెట్రోలు పాత రబ్బరును ఉబ్బించి, తేమను పీల్చుకుని ట్యాంకు అడుగున తుప్పుకు దారి తీస్తుంది. అందుకని పెట్రోలు పైపులన్నీ ఇథనాల్‌ను తట్టుకునే రకానికి మార్చాను, పెట్రోలు పంపు డయాఫ్రం రెండోసారి వేయించాను. ఈ రెండు పనులూ చేయించుకోకుండా పాత కారును బయటికి తీయవద్దని నా మనవి.

2021 జూలైలో కేంద్రం 50 ఏళ్లు దాటిన బండ్లకు వింటేజ్ రిజిస్ట్రేషను తెచ్చాక, 'వీఏ' అక్షరాల నంబరు తీసుకోమని కొందరు మిత్రులు అన్నారు. ఆ నిబంధన ప్రకారం చాసీ, బాడీ, ఇంజను మార్చకుండా మొదటి రూపంలోనే ఉంచాలి, అది నాకు ఇష్టమే. కాని వింటేజ్ బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతుకు, పెట్రోలుకు తప్ప మామూలు తిరుగుడుకు వాడకూడదు. అమ్మను ఆదివారం గుడికి తీసుకెళ్లడానికి పనికిరాని నంబరు నాకెందుకు? మామూలు రిజిస్ట్రేషనునే పొడిగించుకుంటూ గ్రీన్ ట్యాక్సు కడుతున్నాను.

ఇక హ్యాండ్ గేరు ఉంచుకోవాలా, తీసేయాలా అని అడిగేవారికి నా జవాబు నా పరిస్థితిని బట్టే ఉంటుంది. నేను ఆటోనగర్‌కు రెండు కిలోమీటర్ల దూరంలో ఉన్నాను, ఇంటి వెనక రేకుల షెడ్డు ఉంది, వారానికి ముప్పై నలభై కిలోమీటర్లే తిరుగుతాను, గ్రీజు పెట్టడం నాకు విసుగు కాదు. నాలాంటి వారు తప్పకుండా ఉంచుకోవాలి. ఫ్లోర్ గేరు మార్పుకు అడిగే డబ్బులో పదో వంతుతో పిన్నులు, బుష్షులు కొత్తగా చేయించుకోవచ్చు. హైదరాబాదులో అపార్టుమెంటు సెల్లారులో బండి ఉంచి, రోజూ ట్రాఫిక్కులో తోలుతూ, ప్రతి పనికీ మెకానిక్కును పిలిపించుకోవలసిన వారికి మాత్రం అదే మాట ధైర్యంగా చెప్పలేను. ఉంచుకోదలచిన వారు పిన్నులు చూడకుండా బుష్షులు కొనవద్దు. నేను డాష్‌బోర్డు అరలో రెండు గన్‌మెటల్ బుష్షులు, ఒక స్క్రూడ్రైవరు, జానెడు సైకిలు ట్యూబు పెట్టుకుని తిరుగుతున్నాను. ఉయ్యూరు తర్వాత వాటి అవసరం ఇప్పటి దాకా రాలేదు.