ఇరవై గళ్ల గల్లాపెట్టె: జీఎస్టీ పోర్టల్‌ను ఇన్నేళ్లు వాడాక

2017 జూలై 1కి ముందు వ్యాట్ ఒకచోట, సర్వీస్ ట్యాక్స్, ఎక్సైజ్ మరోచోట కట్టేవాళ్లం. ఇప్పుడు జీఎస్టీ (వస్తు సేవల పన్ను) పోర్టల్‌లో రిజిస్ట్రేషన్, రిటర్న్, చలానా, రీఫండ్, నోటీసు అన్నీ ఒకే లాగిన్‌లో ఉన్నాయి. పోర్టల్ లెక్క తప్పదు. కాకపోతే మీరు చేసిన తప్పును కూడా అంతే శ్రద్ధగా మోసుకెళ్లి అవతలివాళ్ల ఖాతాలో పెడుతుంది.

జీఎస్టీ నంబరే చూడండి. మొత్తం 15 అక్షరాలు: మొదటి రెండూ రాష్ట్రం కోడ్ (ఆంధ్రప్రదేశ్ 37, తెలంగాణ 36), తర్వాత పది పాన్, చిట్టచివరిది సరిచూసే అక్షరం. టైపింగ్‌లో ఒక అంకె తేడా కొడితే ఆ చివరి అక్షరం దగ్గర దొరికిపోతుంది. కానీ ఒక పార్టీ బిల్లుకు ఇంకో పార్టీ నంబరు వేస్తే అదీ అసలైన నంబరే కాబట్టి కిక్కురుమనకుండా తీసుకుంటుంది. మరుసటి నెల 11లోపు అమ్మకాల రిటర్న్ జీఎస్టీఆర్-1 వెళ్లిపోతుంది, 14న కొన్నవాళ్లకు 2బీ (కొనుగోళ్ల మీద కట్టిన పన్నులో వాళ్లు తగ్గించుకోగల క్రెడిట్ జాబితా) తయారవుతుంది, అసలు కొన్న పార్టీ 2బీలో మీ బిల్లు ఉండదు, ఫోన్లు మొదలవుతాయి. 2024లో వచ్చిన జీఎస్టీఆర్-1ఏతో 3బీ (పన్ను లెక్క తేల్చి కట్టే రిటర్న్) వేసేలోపు విలువల్లాంటివి దిద్దుకోవచ్చు గానీ కొన్నవారి నంబరు మార్చడం అందులో కుదరదు. దానికి తర్వాతి నెల జీఎస్టీఆర్-1లోని సవరణ పట్టికే దిక్కు. ఆ ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబరు 30 దాటితే ఆ దారీ మూసుకుపోతుంది.

2025 జూలై నెల రిటర్న్ నుంచి జీఎస్టీఆర్-1లో చూపిన పన్ను 3బీలో మార్చే వీలు లేకుండా దిగుతోంది. చాలామంది విసుక్కున్నారు గానీ, నా లెక్కలో ఇది మంచి పనే. జీఎస్టీఆర్-1లో అమ్మకాలు ఘనంగా చూపి, 3బీలో పన్ను తగ్గించే ఆట ఆగింది. 3బీని ఒకసారి వేశాక తిరిగి వేయడం ఎలాగూ లేదు.

ఇక క్యాష్ లెడ్జర్, అంటే చలానాతో కట్టిన డబ్బు పడే ఖాతా. నిలువునా ఐజీఎస్టీ (రాష్ట్రాల మధ్య అమ్మకాలది), సీజీఎస్టీ (కేంద్రానిది), ఎస్‌జీఎస్టీ (రాష్ట్రానిది), సెస్. అడ్డంగా పన్ను, వడ్డీ, పెనాల్టీ, ఫీజు, ఇతరాలు. వెరసి ఇరవై గళ్లు. ఒక గడిలో డబ్బు దానంతటది పక్క గడిలోకి జరగదు. ఎస్‌జీఎస్టీలో పన్ను 8,000, లేట్ ఫీజు 100 ఉందనుకోండి. 8,100 మొత్తం పన్ను గడిలో వేస్తే ఫీజు గడి ఖాళీ, రిటర్న్ ముందుకు కదలదు. 2020లో వచ్చిన పీఎంటీ-09 ఫారంతో ఆ వంద రూపాయలను ఇవతలికి మార్చుకోవచ్చు. అసలు అంతదాకా రాకుండా చలానాను 3బీ చెల్లింపు పేజీలోంచే తీయండి. ఏ గడికి ఎంత తక్కువైందో అదే నింపి ఇస్తుంది. చలానాకు 15 రోజులు గడువు. బ్యాంకులో డబ్బు కట్ అయి లెడ్జర్‌లో పడకపోతే కంగారులో రెండోసారి కట్టొద్దు. 24 గంటలు చూసి పీఎంటీ-07 ఫిర్యాదు ఫారం పెట్టండి.

క్రెడిట్ సర్దుబాటు దగ్గర పోర్టల్ వేసి చూపే అంకెలను కళ్లు మూసుకుని ఒప్పుకోకండి. ముందు ఐజీఎస్టీ క్రెడిట్ పూర్తిగా అయిపోవాలి. సీజీఎస్టీ క్రెడిట్ ఎస్‌జీఎస్టీకి పనికిరాదు, ఎస్‌జీఎస్టీ క్రెడిట్ సీజీఎస్టీకీ అంతే. ఐజీఎస్టీ క్రెడిట్ 20,000, మిగతా రెండూ చెరి 15,000, కట్టాల్సింది చెరి 25,000 అనుకోండి. క్రెడిట్ సరిగ్గా సరిపోయింది. అయినా ఆ 20,000 అంతా సీజీఎస్టీకే కొడితే, సీజీఎస్టీ క్రెడిట్ 10,000 ఊరికే మిగిలిపోయి ఎస్‌జీఎస్టీకి 10,000 నగదు కట్టాల్సి వస్తుంది. చెరి పదివేలు పంచితే పైసా అక్కర్లేదు. ఆ గళ్లు మార్చుకునే వీలుంది, మార్చుకోండి.

2024 అక్టోబరు నుంచి వచ్చిన ఐఎంఎస్‌లో (బిల్లులను సరిచూసుకునే పేజీ) సరఫరాదారు బిల్లును ఒప్పుకోవచ్చు, తిరస్కరించవచ్చు, పెండింగ్ పెట్టవచ్చు. ఏమీ చేయకపోతే ఒప్పుకున్నట్టే. 14 తర్వాత మార్పు చేస్తే 2బీని మళ్లీ లెక్క కట్టించే బటన్ నొక్కాలి. మరిచిపోతే పాత అంకెలే 3బీకి వస్తాయి.

ఆలస్య రుసుం రోజుకు 50, నిల్ రిటర్న్‌కు (చూపడానికి లావాదేవీలేమీ లేనిది) 20. ఈ నెల ఆలస్యానిది వచ్చే నెల 3బీలో కనబడుతుంది కాబట్టి కొత్తవాళ్లు తప్పించుకున్నామనుకుంటారు. ఈ రుసుం, వడ్డీ, రివర్స్ చార్జి పన్ను (అమ్మినవారికి బదులు కొన్నవారే కట్టేది) మూడూ నగదులోనే కట్టాలి, క్రెడిట్ చెల్లదు. రిటర్న్ ఆలస్యమయ్యేలా ఉంటే కనీసం డబ్బైనా గడువులోపు లెడ్జర్‌లో వేసి ఉంచండి. గడువు నాటికి అక్కడున్న మొత్తాన్ని రిటర్న్‌లో వాడుకుంటే, అంతవరకు వడ్డీ పడదు. 2024 సవరణతో వచ్చిన ఈ వెసులుబాటు చాలామందికి తెలియదు. నిల్ 3బీని 14409కి ఎస్ఎంఎస్ పంపి వేసే సదుపాయం మాత్రం చిన్న వ్యాపారికి నిజంగా మేలు.

నాకు నచ్చనిది నోటీసుల అమరిక. నోటీసులు, ఆర్డర్ల మెనూ ఒకటి, 'అదనపు' నోటీసులు, ఆర్డర్ల మెనూ ఇంకొకటి. పోర్టల్‌లో పెట్టడాన్ని కూడా చట్టం అందజేసినట్టే లెక్కిస్తుంది. అంటే మీరు చూడకపోయినా జవాబు గడువు నడుస్తూనే ఉంటుంది. వారానికోసారి రెండూ తెరవాలి. రిజిస్ట్రేషన్‌లో మెయిల్, మొబైల్ యజమానివే ఉంచండి. అకౌంటెంట్‌వి ఇస్తే, అతను మానేసిన రోజు నుంచి అలర్టులు, ఓటీపీలు అతని ఫోన్‌కే వెళ్తుంటాయి.