ఐదు శీతాకాలాలు వాడాక: మంచులో జంతువుల జాడలు చదివే సరంజామా

ఈ సరంజామా అంతా తిరిగింది ఉత్తర మిన్నెసోటాలో. డులుత్ దాటాక సుపీరియర్ సరస్సు గట్టు వెంబడి గూస్‌బెర్రీ ఫాల్స్, టెట్టెగూష్ స్టేట్ పార్కులు, గ్రాండ్ మరే నుంచి లోపలికి 57 మైళ్లు పోయే గన్‌ఫ్లింట్ ట్రెయిల్ రోడ్డుకి అటూ ఇటూ ఉన్న సుపీరియర్ నేషనల్ ఫారెస్ట్. డిసెంబరు నుంచి మార్చి దాకా, సెల్సియస్‌లో సున్నా దగ్గర నుంచి మైనస్ 25 వరకూ వాడి చూసిన మాటలివి. మినియాపోలిస్ చుట్టుపక్కల ఉన్న మనవాళ్లు వారాంతంలో వెళ్లిరాగల దూరమే కాబట్టి, ఏది కొనాలో ఏది అక్కర్లేదో డబ్బు పెట్టకముందే తెలిస్తే మంచిది. ముందే ఒక మాట: మొత్తం సంచీలో ఎక్కువ పని చేసింది అన్నిటికన్నా చవకైన వస్తువు, 15 సెంటీమీటర్ల ప్లాస్టిక్ స్కేలు.

స్నోషూల సంగతి. మంచులో దిగిపోకుండా బూట్ల కింద కట్టుకునే వెడల్పాటి చట్రాలివి. 25 అంగుళాల అల్యూమినియం చట్రం, దాని మధ్య పరిచిన డెక్ గుడ్డలాంటిదిగా ఉన్నవి ఈ పనికి సరిపోయాయి. గట్టి ప్లాస్టిక్ డెక్ ఉన్నవి చవక, బండరాళ్ల మీదా ఆగుతాయి, కానీ పైన పొర కట్టిన మంచు మీద నడుస్తుంటే ఖాళీ డబ్బాలు కొట్టినట్టు చప్పుడు. జాడ చూడ్డానికి చప్పుడుతో పనిలేదు గానీ, ఆ జాడ వేసిన జీవి కనబడాలనుకుంటే గుడ్డ డెక్కే నయం. సైజు చూసేటప్పుడు చాలామంది తమ ఒంటి బరువే లెక్కేస్తారు. చలి బట్టలు, బూట్లు, నీళ్లు, సంచీ కలిపితే ఇంకో 8–10 కిలోలు. డబ్బా మీద రాసిన బరువు పరిమితి ఆ మొత్తానికి సరిపోవాలి. సరిపోకపోతే పొడి మంచులో మోకాలిదాకా దిగుతారు, కిలోమీటరుకే తొడలు పట్టేస్తాయి.

చెడిపోయేది ఎప్పుడూ చట్రం కాదు, పట్టీలు. క్లిక్ క్లిక్‌మని బిగించే రాట్చెట్ రకంలో పళ్ల మధ్య నీరు గడ్డకట్టి, సాయంత్రానికి విప్పలేని స్థితి వస్తుంది. రబ్బరు పట్టీ రకం చేతి తొడుగులతోనే పెట్టుకోవచ్చు, మంచు అంటినా దులిపితే పోతుంది. అయితే మూడో ఏడాదికి రంధ్రాల దగ్గర సన్నని చీలికలు వచ్చాయి. కాబట్టి బయల్దేరే ముందు పట్టీని వంచి చూడడం అలవాటు చేసుకోండి. విడిగా ఒక పట్టీ, కీలు దగ్గర ఉండే పిన్ను ఒకటి సంచీలో ఉండాలి. ప్లాస్టిక్ జిప్ టైలు చాలనుకుంటారు గానీ గట్టి చలిలో అవి బిగిస్తుండగానే పుటుక్కున తెగుతాయి. కాస్త ఇనుప తీగ మేలు.

ఇంకో చిక్కు, ఉష్ణోగ్రత సున్నా దగ్గరకొచ్చినప్పుడు పాదం కింది ఇనుప పళ్ల చుట్టూ తడి మంచు ముద్దకట్టడం. ఒక్కో కాలికి అరకిలో మోస్తున్నట్టుంటుంది, పళ్లు నేలకి ఆనవు, జారతారు. పొడిగా ఉన్నప్పుడే ఆ చోట కొవ్వొత్తి మైనం రుద్దితే రెండు మూడు గంటలు అంటదు. తర్వాత కర్రతో కొట్టి రాల్చుకోవాల్సిందే.

జనం రోజూ నడిచి గట్టిపడిన బాటల్లో స్నోషూలు దండగ. అక్కడ బూట్ల మీద తొడిగే, గొలుసులకి చిన్న ఇనుప పళ్లుండే మైక్రోస్పైక్స్ చాలు. పొడి మంచులో మాత్రం వాటివల్ల ఉపయోగం లేదు. రెండూ తీసుకెళ్లి, పార్కింగ్ దగ్గర మంచు చూసి ఏది తొడగాలో తేల్చుకోండి.

పొడుగు సర్దుకునే నడక కర్రలకి మెలితిప్పే తాళాలకన్నా మీట తాళాలున్నవి కొనండి. లోపలికి తేమ చేరి గడ్డకడితే మెలితిప్పే రకం జారిపోతుంది. కర్ర మంచులో దిగిపోకుండా కింద వెడల్పాటి బిళ్ల (మంచు బుట్ట) తప్పనిసరి. ఒక కర్ర మీద పది పది సెంటీమీటర్లకి రంగు టేపు చుట్టుకోండి. మంచు లోతు, అడుగుకీ అడుగుకీ మధ్య ఎడం, జాడ వెడల్పు అన్నీ వంగకుండానే కొలవొచ్చు. ఈ టేపుకైన ఖర్చు తిరిగొచ్చినంతగా మరే ఖర్చూ తిరిగి రాలేదు.

ఇక అసలు పని. కొత్తవాళ్లు చేసే తప్పు ఒక్క పాదముద్ర మీద వంగి, గోళ్లున్నాయా, అరికాలి మెత్తలెన్ని అని చూడడం. మంచు అబద్ధం చెబుతుంది. ఎండ తగిలితే ముద్ర అంచులు కరిగి ఒకటిన్నర రెట్లు అవుతుంది, మధ్యాహ్నానికి ఊరకుక్క తోడేలవుతుంది. నడక తీరు మాత్రం కరగదు. అందుకే ముందు నిలబడి, పది పదిహేను అడుగుల జాడని దూరం నుంచి చూడండి. ఒకే గీత మీద పోతోందా? రెండేసి ముద్రల జంటలా? నాలుగేసి గుంపులా? లేక పొట్ట ఈడ్చినట్టు చాలు పడిందా? ఈ నాలుగు ప్రశ్నలకి జవాబు దొరికితే సగం జంతువులు తేలిపోతాయి. ఆ తర్వాతే వంగి, చెట్టు నీడలో పడిన ముద్రని వెతికి కొలవండి.

ఒకే గీత మీద, దారం పట్టినట్టు పోతే కుక్క జాతో పిల్లి జాతో అనుకోవచ్చు. ఎర్ర నక్క ముద్ర 5–7 సెంటీమీటర్లు. చలికాలంలో అరికాలు నిండా వెంట్రుకలు ఉంటాయి కాబట్టి అంచులు మసకగా ఉంటాయి. అడుగుల మధ్య ఎడం సుమారు 35–45. కొయోటీకి ముద్ర కాస్త పెద్దది, ఎడం 45–60. తోడేలు ముద్ర గోళ్లు వదిలేసి కొలిచినా దాదాపు 10 ఉంటుంది, ఎడం 65 పైమాటే. పెంపుడు కుక్క కూడా అంత పెద్ద ముద్ర వేయగలదు, కానీ దాని దారి వంకరటింకర, ప్రతి పొదనీ పలకరిస్తూ పోతుంది, వెనక కాలు ముందు కాలి ముద్రలో సరిగ్గా పడదు. అడవి జంతువుకి తినే ప్రతి ముద్దకీ లెక్కుంది, ఒక్క అడుగు వృథా చేయదు. తోడేళ్ల గుంపు లోతు మంచులో ఒకదాని ముద్రలో ఒకటి కాలేస్తూ పోతుంది. చూస్తే ఒక్కటే పోయినట్టుంటుంది. మలుపు దగ్గరో, గడ్డకట్టిన చెరువు మీదో విడిపోయినచోట లెక్కపెడితే అయిదో ఆరో అని తెలుస్తుంది.

పిల్లి జాతికి ముద్ర గుండ్రం, గోళ్లు పడవు, మడమ మెత్త వెనక అంచు మూడు ముక్కలుగా ఉంటుంది. కుక్క ముద్రలో మెత్తల మధ్య మిగిలిన మంచు గుణకారం గుర్తులా నిలబడుతుంది, పిల్లిలో అది ఉండదు. ఇక్కడ బాబ్‌క్యాట్ ముద్ర 5 సెంటీమీటర్ల చుట్టుపక్కల. లింక్స్ ముద్ర దానికి దాదాపు రెట్టింపు, అయినా ఆ పది కిలోల జంతువు మంచులో దిగనే దిగదు. అంత పెద్ద పాదం అంత తక్కువ లోతులో కనబడితే, కొలతకన్నా ముందు అదే గుర్తుపట్టిస్తుంది. పక్కన స్నోషూ లేకుండా మీ బూటు ఒకసారి దింపి చూడండి, తేడా తెలుస్తుంది. లింక్స్ ఉన్నచోట స్నోషూ కుందేలు జాడ దట్టంగా ఉండి తీరాలి, దాని తిండి అదే.

ఆ కుందేలు జాడే మొదటిరోజు అందర్నీ తికమక పెడుతుంది. నాలుగు ముద్రల గుంపులో పెద్దవి రెండూ వెనక కాళ్లు, కానీ అవి ముందు పడతాయి. చిన్నవి ముందు కాళ్లు, వెనక మిగిలిపోతాయి. దాంతో కుందేలు వచ్చిన వైపుకి మైలు దూరం వెంటాడేవాళ్లున్నారు. పెద్ద ముద్రలున్న వైపే దాని ప్రయాణం. ఎర్ర ఉడుత కూడా ఇలాగే గెంతుతుంది, గుంపు వెడల్పు 7–11 సెంటీమీటర్లే. ఉడుతకి ముందు కాళ్లు పక్కపక్కనే పడతాయి, కుందేలుకి ఒకదాని వెనక ఒకటి. పైగా ఉడుత జాడ చెట్టు మొదట్లో పుట్టి చెట్టు మొదట్లో ఆగుతుంది.

రెండేసి ముద్రలు ఏటవాలు జంటలుగా గెంతుతూ పోతే మన ముంగిసలా సన్నగా పొడుగ్గా ఉండే వీసెల్ కుటుంబం. చిన్న వీసెల్ జాడ మధ్యలో మంచులోకి మునిగి, రెండు మీటర్ల అవతల తేలుతుంది. పైన్ మార్టెన్, ఫిషర్ మధ్య గొడవ తెగేది కాదు. ఆడ ఫిషర్, మగ మార్టెన్ కొలతలు కలిసిపోతాయి. మార్టెన్ పాదం చలికాలంలో పూర్తిగా వెంట్రుకలతో కప్పి ఉండి మెత్తలు కనబడవు, ఫిషర్‌వి చాలాసార్లు కనబడతాయి. అదొక్కటే కాస్త నమ్మదగ్గ గుర్తు. అనుమానముంటే పుస్తకంలో ప్రశ్నార్థకం వేసి ముందుకి పోండి. నీటి కుక్క మాత్రం ఎవరినీ మోసం చేయదు. నాలుగు గెంతులు, ఒక జారుడు. 15–25 సెంటీమీటర్ల వెడల్పున, పిల్లలు జారుడుబండ మీద జారినట్టు నున్నటి చాలు, అదీ చదును నేల మీద కూడా. ఏదుపంది చాలు వేరు: ఈడ్చిన గాడి, లోపలికి తిరిగిన పాదాలు, చివర తొక్క ఒలిచిన చెట్టు.

గిట్టల సంగతి తేలిక. తెల్లతోక జింక 5–8, జింక జాతిలోనే భారీదైన మూస్ 12–18 సెంటీమీటర్లు. మంచు లోతైతే జింక కాళ్లు ఈడుస్తుంది, పొడుగు కాళ్ల మూస్ ఎత్తి వేస్తుంది. గడ్డకట్టిన పాత గుంటలో ఎటు పోయిందో కంటికి తెలియకపోతే తొడుగు తీసి వేళ్లు లోపలికి పెట్టి తడమండి. అడుగున కొస తేలిన వైపే ముందు. నడి చలికాలంలో జింకలు మంచు తక్కువుండే సరస్సు తీరానికి చేరతాయి, తోడేళ్లు వాటి వెంటే వస్తాయి. మూస్ జాడ కావాలంటే లోపలికి, గన్‌ఫ్లింట్ వైపు పోవాలి.

జాడ ఎప్పటిదో చెప్పడానికి మంత్రం లేదు. మంచు ఎన్నింటికి ఆగిందో వాతావరణ శాఖ వివరాల్లో చూసుకోండి, జాడ వయసు అంతకన్నా ఎక్కువ ఉండదు. పొద్దున బాట మొదట్లో నీడలో ఒకటి, ఎండలో ఒకటి అరచేయి ముద్ర వేసి, తిరిగొచ్చేటప్పుడు చూడండి. ఆరు గంటల జాడ ఆ రోజు ఎలా ఉంటుందో అదే పాఠం. తొక్కిన మంచు కొన్ని గంటల్లో గట్టిపడుతుంది కాబట్టి, ముద్ర అడుగున వేలితో నొక్కితే ఇంకా మెత్తగా పొడి రాలుతుంటే తాజాది. అన్నిటికన్నా మంచి రోజు, గట్టి పొర మీద 2–5 సెంటీమీటర్ల కొత్త మంచు పడి, ఒక రాత్రి గడిచిన మర్నాడు. ముప్పై సెంటీమీటర్లు పడిన రోజు అన్నీ గుంటలే, ఇంట్లో ఉండండి.

అచ్చు తీసే వస్తువుల మీద పెట్టిన డబ్బు సగం వృథా. మనదేశంలో పులుల లెక్కకి ఒకప్పుడు దుమ్ములో పడిన పాదముద్రల్ని అద్దం మీద గీసుకుని, ప్లాస్టర్ పోసి అచ్చు తీసేవారు. నల్లమల దుమ్ములో కుదిరింది మంచులో కుదరదు. ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ గట్టిపడుతూ వేడి పుట్టిస్తుంది, ముద్ర కరిగిపోతుంది. దీనికోసం మంచు ముద్రల మైనం స్ప్రే దొరుకుతుంది. ఒకటిన్నర అడుగు దూరం నుంచి పలచగా రెండు మూడు పూతలు కొట్టి, పది నిమిషాలు ఆగి, మంచు కలిపిన చల్లటి నీళ్లతో కలిపిన ప్లాస్టర్ పోయాలి. దగ్గరనుంచి కొడితే గాలి ఒత్తిడికే అంచులు ఎగిరిపోతాయి. మైనస్ పది దిగువన డబ్బా కోటు లోపల పెట్టుకోకపోతే స్ప్రే రాదు, ఉమ్ముతుంది. వచ్చిన అచ్చు బాగానే ఉంటుంది, కానీ గంట పని. స్కేలు పక్కన పెట్టి తీసిన రెండు ఫొటోలు అంతకన్నా ఎక్కువ చెబుతాయి: ఒకటి నిట్టనిలువుగా పైనుంచి, రెండోది వెలుగుకి ఎదురుగా కిందనుంచి. కెమెరాలో వెలుతురు పరిమాణం (ఎక్స్‌పోజర్) ఒక మెట్టు పెంచకపోతే ఫోను తెల్లటి మంచుని బూడిద రంగు చేస్తుంది.

ఫొటో చూసి జంతువు పేరు చెప్పే యాప్‌లకి ఒక్క ముద్రే చూపిస్తాం కాబట్టి ముందు చెప్పిన తప్పే అవీ చేస్తాయి. ఫోను మైనస్ 15లో బ్యాటరీ సగముండగానే ఆరిపోతుంది. లోపలి జేబులో, ఒంటికి ఆనించి ఉంచండి, మ్యాపు ముందే దించుకోండి, కాగితం మ్యాపు కూడా పెట్టుకోండి. తలదీపానికి లిథియం ఏఏ బ్యాటరీలే వేయండి, మామూలువి చలికి నీరసపడతాయి. బాల్‌పెన్ రాయదు, పెన్సిల్ రాస్తుంది. నీళ్ల సంచీ గొట్టం మొదటి అరగంటలో గడ్డకడుతుంది. వెడల్పు మూతి సీసాని తలకిందులుగా పెడితే గడ్డ అడుగున కడుతుంది, మూత వైపు నీళ్లుంటాయి.

డిసెంబరులో అక్కడ సాయంత్రం నాలుగూ ఇరవైకే సూర్యుడు దిగిపోతాడు. జాడ వెంట పోతూ టైము మరిచిపోవడం ఈ పనిలో అసలు ప్రమాదం. మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి అలారం పెట్టుకుని, మోగగానే ఎక్కడున్నా వెనక్కి తిరగండి. జాడ వాగు మీదుగా పోతే మీరు పోవద్దు. నక్క బరువు మోసిన మంచుగడ్డ మనిషిని మోయదు, కింద నీరు పారుతున్నచోట గడ్డ మందం గజానికో రకంగా ఉంటుంది. స్కీ కోసం చదును చేసిన బాటల్లో స్నోషూలతో నడవకూడదు, గాడులు చెడతాయి. పక్కగా నడవండి, జాడలు ఎలాగూ అంచుల్లోనే ఉంటాయి. కుక్కని తీసుకెళ్తే గొలుసు విప్పొద్దు. చలికాలం ఉచ్చులు పెట్టే కాలం కూడా, పైగా కుక్క ముద్రలు మీరు చదవబోయే వాటిని ఎటూ చెరిపేస్తాయి.