ఆక్టోపసా, లాంగ్ హోసా: బడ్డీకి గాలి అందించడానికి ఏది మేలు?

సొంత రెగ్యులేటర్ (సిలిండర్ గాలిని నోటికి అందించే పరికరం) కొనుక్కోబోయే స్కూబా డైవర్లు పదే పదే అడిగే ప్రశ్న ఇది. బడ్డీకి, అంటే జతగా దిగినవారికి, గాలి అయిపోతే ఇవ్వడానికి మామూలు పసుపు ఆక్టోపస్ (అదనపు రెగ్యులేటర్) సరిపోతుందా, లేక నోట్లో ఉన్నదాన్నే లాంగ్ హోస్‌తో (పొడవాటి గొట్టంతో) అందించి, మెడకు వేలాడే రెండో రెగ్యులేటర్‌ను తాను తీసుకునే పద్ధతికి మారాలా? సక్రమంగా సాధన చేస్తే రెండూ పనికొచ్చేవే. నా దృష్టిలో విషయాన్ని తేల్చేది గొట్టం పొడవు కాదు. ఇచ్చే క్షణంలో ఆ రెగ్యులేటర్ పనిచేస్తోందని ఇచ్చేవారికి తెలుసా లేదా అన్నదే.

నోట్లో ఉన్నది పనిచేస్తోందనడానికి అప్పుడే పీల్చిన ఊపిరే రుజువు. ఆక్టోపస్‌కు ఆ హామీ లేదు. గడ్డానికీ పక్కటెముకల అంచులకూ మధ్య త్రికోణంలో దాన్ని క్లిప్పుకు తగిలిస్తారు గానీ, అడుగుకు దగ్గరగా వంగి ఒక ఫొటో తీసేసరికే అది జారిపోయి ఇసుకలో ఈడ్చుకుంటూ రావడం మామూలే. అందుకున్న మనిషి నోట్లోకి ముందు వెళ్లేది మౌత్‌పీస్‌లో చేరిన ఇసుకా నీరూను. ఊపిరి అందనివారికి, నొక్కితే గాలితో వాటిని బయటికి నెట్టేసే పర్జ్ బటన్ గుర్తుకు రావడం కష్టం. పైగా బెదిరిన డైవర్ పసుపు రంగును వెతుక్కోకుండా, బుడగలు వస్తున్న రెగ్యులేటర్‌నే లాక్కోవచ్చు.

అందుకే నా మొగ్గు లాంగ్ హోస్ వైపు. ఇరుకు గుహల్లో ఒకరి వెనక ఒకరు ఈదుతూ బయటపడాలి కనుక అక్కడ 2 మీటర్ల గొట్టం వాడతారు. పైన అడ్డు లేని నీటిలో, కుడి చంక కింది నుంచి ఛాతీ మీదుగా మెడ వెనక్కి తిప్పుకునే 1.5 మీటర్లది సరిపోతుంది. దీనికీ ఒక బెడద ఉంది: గొట్టం మీద స్నార్కెల్ గానీ మెడ తాడు గానీ పడితే, ఇచ్చే చేయి సగంలోనే ఆగిపోతుంది. కాబట్టి దాన్ని అన్నిటికన్నా చివర చుట్టుకుని, దిగే ముందే బడ్డీ ఎదుట పూర్తిగా చాపి చూడాలి. అద్దె సామానుతో, ప్రతిసారీ కొత్త బడ్డీతో దిగేవారు మాత్రం అందరికీ అలవాటైన ఆక్టోపస్‌నే ఉంచుకుని, క్లిప్పు గట్టిది తీసుకోవడం మంచిది.

బీసీడీ (తేలడాన్ని అదుపు చేసే గాలి జాకెట్) ఇన్‌ఫ్లేటర్‌తో, అంటే దానిలోకి గాలి నింపి వదిలే మీటతో, కలిసివచ్చే రెగ్యులేటర్ ఒక గొట్టాన్ని తగ్గిస్తుంది. కానీ పైకి వస్తున్నప్పుడు గాలి వదలడానికి ఎత్తాల్సిన ఇన్‌ఫ్లేటర్ ఇచ్చినవారి నోట్లోనే ఉండిపోతుంది.

పోనీ సిలిండర్ (సొంత రెగ్యులేటర్‌తో విడిగా మోసుకెళ్లే చిన్న అదనపు సిలిండర్) లెక్క వేరు. బడ్డీ దగ్గర లేనప్పుడు ఆదుకునేది అదే. ఉపరితలంలో నిమిషానికి 30 లీటర్లు పీల్చేవారు 30 మీటర్ల లోతున ఒక నిమిషం ఆగి, నిమిషానికి 9 మీటర్ల చొప్పున పైకి వస్తూ, 5 మీటర్ల దగ్గర 3 నిమిషాలు నిలిస్తే దాదాపు 505 లీటర్లు ఖర్చవుతాయి. 200 బార్ ఒత్తిడితో నింపిన 3 లీటర్ల సిలిండర్‌లో 600 లీటర్లు ఉంటాయి. చేతిలో ఇమిడే, 85 లీటర్ల గాలి పట్టే బుల్లి సీసా, ఒత్తిడి వల్ల గాలి నాలుగింతలు ఖర్చయ్యే ఆ 30 మీటర్ల లోతున 45 సెకన్లు కూడా రాదు.